నాలుగు వేళ్ళ గాలి

ఒకటో వాయి, మొదటి రోజు

ఇవాళ్టి నుంచి ఈ పుస్తకంలో నేను రాస్తాను. నా పేరు సరోజన, ఉండేది మూడో లెవెల్‌లో. బట్టీ పని ఈ ఉదయమే నా చేతికి వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ళు ఈ పని చేసిన లసుమవ్వకు రాయడం రాదు, అందుకని పుస్తకంలో ఆమె కాలమంతా తెల్ల కాగితాలే. నా తర్వాత వచ్చేవాళ్ళకు అలా కాకూడదు. చిన్న విషయాలు కూడా రాస్తాను, విసుక్కోకండి. మా ఇంట్లో కలం పట్టిన మొదటిదాన్ని నేనే. కొంచెం ఎక్కువ రాయడం నా అలవాటు.

మా ఊరు ఒకప్పటి బొగ్గు గని. పైన ఎండ మనిషిని నిలవనీయదు కాబట్టి మా తాతల కాలంలోనే అందరూ కిందికి దిగారు. నీళ్ళు ఎన్ని ఉన్నాయో అన్నే, వాడినవే మళ్ళీ వాడాలి. వంటిళ్ళ నీళ్ళు, స్నానాల నీళ్ళు, దవాఖానా నీళ్ళు, రెండో లెవెల్‌లో నూలుకు అద్దకం వేసే రంగులఖానా నీళ్ళు, అన్నీ ఒకే కాలువలో కలిసి మా దగ్గరికి వస్తాయి. ముందు ఇసుకలోంచి, తర్వాత పురుగుల తొట్టిలోంచి పోతాయి. కంటికి కనిపించని ఆ పురుగులు మురికిలో తినగలిగినదంతా తినేస్తాయి. రంగుల్నీ మందుల్నీ మాత్రం ముట్టవు. ఆ రెండింటి కోసమే రాళ్ళ మడులు.

మడి అంటే నిలువెత్తు తొట్టి. తూర్పు మడి ఒకటి, పడమటి మడి ఒకటి. వాటి నిండా నిమ్మకాయంత తెల్లరాళ్ళు. పడమటి గుట్టల నల్లరాతి కడుపులో దొరికేవట. పుస్తకాల్లో జియోలైట్ అని ఉంటుంది. ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది, కొత్త రాయి రాదు. అందుకే మా దగ్గర రాయిని పగలగొట్టడం పెద్ద తప్పు.

చూస్తే సుద్దగడ్డలా ఉంటుంది. లోపల లెక్కలేనన్ని గదులు. ఒక్క చెంచా రాతిపొడిలోని గదుల గోడలన్నీ విప్పి పరిస్తే మా లెవెల్‌లో వీధులన్నీ కప్పొచ్చని బడిలో లెక్క చేయించారు. నమ్మలేక ఇంటికొచ్చి మళ్ళీ చేశాను. అదే జవాబు వచ్చింది. రంగూ మందూ వచ్చి ఆ గోడలకు అంటుకుపోతాయి, నీరు మాత్రం ముందుకు పోతుంది. కొండను తొలిచి మనం గదుల్లో ఉంటున్నామని గర్వపడతాం గానీ, ఆ పని రాయి మనకంటే ముందే, మనకంటే ఎంతో చక్కగా చేసుకుంది.

ఇరవై ఒక్క రోజులకు మడిలోని రాళ్ళన్నీ నిండిపోతాయి. అప్పుడు నీటిని రెండో మడికి మళ్ళించి, నిండిన రాళ్ళను బట్టీలో కాల్చి ఖాళీ చేస్తాం. ఆరబెట్టడానికి రెండు రోజులు, కాల్చడానికి ఒకటి, చల్లారడానికి రెండు. ఒకసారి బట్టీకి ఎక్కే రాళ్ళను వాయి అంటాం, అప్పాల వాయి అన్నట్టే. నాకిది మొదటి వాయి. తూర్పు మడి రాళ్ళు.

ఒకటో వాయి, మూడో రోజు

ఇవాళ కాల్చాను. బట్టీ కరెంటుతో నడుస్తుంది. ఐదు వందల యాభై డిగ్రీలు, ఎనిమిది గంటలు. బట్టీ చేతిపుస్తకం మూడుసార్లు చదివాను. ఎంత వేడి, ఎంతసేపు, రాళ్ళు ఎన్ని వరసలు, అన్నీ ఉన్నాయి. బట్టీ పక్కన ఒక ఇనుప కిటికీ ఉంది, దాని గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. తెరిచి ఉంటే గదిలోని గాలిని లోపలికి లాగి పొగగొట్టంలోంచి పైకి పారబోస్తుంది. మూసేశాను.

మా ఊళ్ళో ఈ మాట ఎవరికీ చెప్పక్కర్లేదు. పైనుంచి ఫ్యాన్లు తోసిన గాలి తలుపుల మధ్యనుంచి దారి చేసుకుని చివరి ఇంటిదాకా రావాలి. ఒక్క తలుపు తెరిచి వదిలితే చివర ఉన్నవాళ్ళకు ఆయాసం మొదలవుతుంది. పిల్లలకు మాటలు వచ్చాక ముందు నేర్పేది "తలుపు మూయి" అనడమే. నాకింకా ఎక్కువ. మా బాపు రాజలింగు గాలి తలుపుల కాపలాదారు. ముప్పై నాలుగేళ్ళుగా రోజంతా మూడు లెవెల్స్ తిరిగి తలుపులు చూసుకుంటాడు.

మధ్యాహ్నం బాపు బట్టీ గదికి వచ్చి గుమ్మంలోనే ఆగాడు. కిటికీ వంక చూశాడు, తర్వాత నా వంక చూశాడు.

"మూసినవా బిడ్డా?"

"మూసిన బాపు."

"ముప్పై ఏండ్లల్ల ఇయ్యాల్నే చూస్తున్న ఈ కిటికీ మూసి ఉండంగ. ఆ లసుమవ్వ ఉన్నదే, నేను మూసి అటు తిరిగిన్నో లేదో ఇటు తెరుస్తుండె. ఎన్ని తిట్లు తిట్టిన! చెవుల దూది పెట్టుకుంటుండె." కిటికీ గడియ మీద చెయ్యి వేసి రెండుసార్లు తట్టాడు. "సదువుకున్న పిల్ల చేతిల పడ్డది బట్టీ."

బడిలో మొదటి బహుమతి వచ్చినప్పుడు కూడా బాపు ముఖం అంత వెలగలేదు.

ఒకటో వాయి, ఐదో రోజు

రాళ్ళు చల్లారాయి. ట్రాలీలో మడుల దగ్గరికి దించాను. లసుమవ్వ ఇప్పుడు మడులే చూసుకుంటుంది. మోకాళ్ళు పట్టేయడంతో బట్టీ గది మెట్లు ఎక్కలేదు. ఈ పని మారడానికి కారణం అదే.

మడిలో పని చేసే ప్రతివాళ్ళకూ ఒక సొంత రాయి ఉంటుంది. రాగితీగ చుట్టి ఉంటుంది, సాక్షిరాయి అంటారు. మిగతా రాళ్ళతో పాటే మడిలో మునుగుతుంది, బట్టీలో కాలుతుంది. లసుమవ్వ సాక్షిరాయి ఆమెతో పాటే పనిలో చేరింది. ట్రాలీలోంచి దాన్ని తీసి, చీరకొంగుతో తుడిచి, నాలుక మీద పెట్టుకుంది. నేను నోరు తెరిచి చూస్తుండిపోయాను.

"ఏంది గట్ల చూస్తున్నవ్? నీ రాయి నువ్వు పెట్టుకో."

పెట్టుకున్నాను. రాయి నా నాలుకను పట్టేసుకుంది! తడినంతా లోపలికి లాగేస్తోంది. లాగితే రాదు. భయమూ నవ్వూ కలిసి వచ్చాయి. గదులు ఖాళీగా ఉన్న రాయి దాహంతో ఉన్నట్టే. నాలుకకు అంతకన్నా చెప్పేదేముంది? బడిలో పదేళ్ళు చదివినా ఇంత సూటి పరీక్ష నాకెవరూ చూపలేదు.

"పది లెక్కవెట్టేదాక ఇడువొద్దు," అంది లసుమవ్వ. తన రాయి తీసి చేతిలో తిప్పింది. "తొమ్మిదికే ఇడిచింది. ఏమో, నా నోరే ఎండిందో."

మూడో వాయి, ఐదో రోజు

తూర్పు మడి పదిహేడు రోజులకే నిండింది. నిండిందని ఎలా తెలుస్తుందంటే, మడి కింద రంగు మీటర్ ఉంది. రంగులఖానా ఎరుపు ఒక్క చుక్క దాటినా ముల్లు కదులుతుంది. రంగు దాటిందంటే దాని వెనకే దవాఖానా మందులు కూడా దాటుతాయి. అవి తాగే నీళ్ళలోకి రాకూడదు.

తూర్పు మడి రాళ్ళను జాగ్రత్తగా కాల్చాను. వేడి ఒక్క డిగ్రీ తేడా రాలేదు. రాళ్ళు పాలలా తెల్లగా ఉన్నాయి. లసుమవ్వ నాలుక మీద ఎనిమిది లెక్కకు వదిలేసింది.

నాలుగో వాయి, మొదటి రోజు

పడమటి మడి పదకొండు రోజులే ఆగింది. నీటి కమిటీ ఇంజినీరు విద్యాధర్ సార్ వచ్చి నా పుస్తకం అంతా చదివారు. మంచి మనిషి, గొంతు పెంచరు.

"నీ తప్పేం లేదమ్మా. అన్నీ పద్ధతి ప్రకారమే చేశావు. రాళ్ళకు వయసైపోయింది."

తర్వాత చెప్పాల్సింది చెప్పారు. ఒక వాయికి ఐదు రోజులు పడుతుంది. ఒక మడి ఐదు రోజులైనా ఆగకపోతే రెండోది సిద్ధమయ్యేలోపే ఇది నిండిపోతుంది. అప్పుడు ఉన్న మంచినీళ్ళు రెండు లెవెల్స్‌కే చాలుతాయి. మూడో లెవెల్ ఖాళీ చేయాలి. మూడు వందల పన్నెండు మంది ఎండలో నడిచి నది దాటి వేరే గనికి వెళ్ళాలి. అక్కడ చోటు ఉందో లేదో ఇంకా కబురు రాలేదు.

మూడో లెవెల్ అంటే మేము, లసుమవ్వ, మా ఎదురింట్లో పుట్టి తొమ్మిది రోజులైన పసిపాప. రాత కుదురుగా రావడం లేదు, క్షమించండి.

ఐదో వాయి, ఐదో రోజు

తూర్పు మడి పది రోజులే ఆగింది. ఇవాళ తూర్పు రాళ్ళు దింపాను. విద్యాధర్ సార్ కూడా ఉన్నారు. లసుమవ్వ సాక్షిరాయి నాలుక మీద పెట్టుకుని, తీసి, తల ఊపింది.

"అంటుకుంటది గని పట్టు లేదు. మొకమాటానికి చెయ్యి కలిపినట్టున్నది. లోపట ఏదో ఉన్నది."

"అవ్వా, రాళ్ళు తెల్లగానే ఉన్నాయి కదా," అన్నారు సార్. "ఇకనుంచి ఈ నాలుక పరీక్ష వద్దులే. ఆరోగ్యానికీ మంచిది కాదు. మీటర్ చాలు."

"మీ మీటరు రంగొచ్చినంక చెప్తది సారూ. నా నాలిక రాకముందు చెప్తది." రాయిని కొంగులో ముడి వేసుకుంది. "వద్దంటే మానేస్త. ముప్పై ఒక్క ఏండ్ల సంది తింటున్న రాళ్ళు, నాకేమన్న రుచా?"

నవ్వుతూనే అంది గానీ, ముడిని రెండుసార్లు బిగించింది. సార్ వెళ్ళాక కూడా మడి గోడకు ఆనుకుని చాలాసేపు అలాగే కూర్చుంది.

ఆరో వాయి, మొదటి రోజు

పొద్దున్నే పడమటి మడి నిండింది. ఆరు రోజులే ఆగింది. దాని రాళ్ళు బయటికి తీశాను. ఇప్పుడు నీరు తూర్పు మడిలోంచి పోతోంది. అది ఇంకెన్ని రోజులు ఆగుతుందో తెలియదు. ఈ వాయి పాడైతే ఇక మరో వాయి ఉండదు.

లసుమవ్వ నన్ను పిలిచి కూర్చోబెట్టింది. కొంగు ముడి విప్పి సాక్షిరాయి తీసింది. రాగితీగ విప్పేసింది. నేను ఆపేలోపే దాన్ని మెట్టు మీద పెట్టి, పానాతో ఒక్క దెబ్బ వేసింది.

"అవ్వా!"

"అరువొద్దు. చూడు."

రాయి రెండు చెక్కలైంది. పైన గోరంత మందం తెలుపు. లోపలంతా నలుపు. నేను వేలితో రాస్తే వేలు కూడా నల్లగా అయింది.

"ఇదేంటి అవ్వా?"

"మసి." నా ముఖం చూసి ఆగింది. "అవునే, నువ్వు మసి ఎన్నడు చూస్తివి? మీరెవ్వరు మంటనే చూడకపోతిరి."

నిజమే. గనిలో మంట నిషేధం. వంట కరెంటు పొయ్యి మీద, దీపాలు కరెంటువి. మా లెవెల్‌లో మంటను కళ్ళతో చూసింది లసుమవ్వ ఒక్కతే. ఏడేళ్ళప్పుడు పైనుంచి దిగింది.

"మా అమ్మ కట్టెల పొయ్యి మీద వండుతుండె. కట్టెలను కుప్పవోసి, మన్ను కప్పి, గాలి ఆడకుంట కాలిస్తె కట్టె కాలిపోదు, బొగ్గయి కూసుంటది. గాలి ఆడితెనే కాలి బూడిదైతది. గీ రాళ్ళల్ల మురికి కాలలే బిడ్డా, బొగ్గయి కూసున్నది. కిటికీ ఎంత తెరుస్తున్నవ్?"

"ఏ కిటికీ?"

"బట్టీ కిటికీనే. నాలుగు వేళ్ళు తెరుస్తున్నవా, తక్కువనా?"

"మూసే ఉంచుతున్న అవ్వా. అయిదు వాయిలు."

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నా చేతిలోని నల్లటి చెక్క వంక చూస్తూ, "పొయ్యి ఊపిరి తీసుకోవద్దా బిడ్డా?" అంది.

"నాకు చెప్పలేదేం?"

"ఆకలైతే తినుమని ఎవలన్న చెప్తరా? నువ్వు సదువుకున్నవ్, నాకంటె ఎక్కువే తెలుస్తదనుకున్న."

తెలుసు. మండాలంటే ఏమేం కావాలో పరీక్షలో రాసి పదికి పది తెచ్చుకున్నాను. వస్తువు, వేడి, ఆక్సిజన్. ఆ మూడో మాటకూ ఈ ఇనుప కిటికీకీ సంబంధం ఉందని ఒక్కసారి కూడా తట్టలేదు. చేతిపుస్తకం ముందుమాట మళ్ళీ తీసి చూశాను. అది రాసిన రోజుల్లో బట్టీ గనిలో కాదు, పైన నేల మీద, ఆరుబయట షెడ్డులో ఉండేదట. అక్కడ గాలి రానివ్వండని ఎవరు రాస్తారు?

ఇది రాయకపోతే ఎవరికీ తెలియదు. లసుమవ్వ చెప్పదు. తప్పు రాళ్ళ వయసు మీదికి పోతుంది, లేదంటే ఆమె నాలుక మీదికి. కానీ నా తర్వాత ఈ పుస్తకం చదివేది కూడా తలుపులు మూస్తూ పెరిగినవాళ్ళే. కాబట్టి రాస్తున్నాను. ఐదు వాయిలు కిటికీ మూసి కాల్చింది నేను, సరోజనను. రాళ్ళు ముసలివి కాలేదు. లసుమవ్వ నాలుక తప్పలేదు.

ఆరో వాయి, రెండో రోజు

పై పేజీ విద్యాధర్ సార్‌కు చూపించాను. రెండుసార్లు చదివారు. "ఆ చేతిపుస్తకం నేనూ చదివానమ్మా," అన్నారు చివరికి. "నాకూ తట్టలేదు. నేనూ కిందే పుట్టాను." కిటికీ తెరవడానికి కమిటీ ఒప్పుకుంటుందనీ, గాలి విషయంలో మాత్రం తలుపుల కాపలాదారు మాటే చివరిదనీ చెప్పారు.

అంటే బాపు.

బాపును మడుల దగ్గరికి తీసుకొచ్చాను. లసుమవ్వ అక్కడే ఉంది. చెప్పాను. పగిలిన రాయి చూపించాను. బాపు నా ముఖం చూడకుండా ఆమెను అడిగాడు.

"నేను మూసి పోయిన ప్రతిసారి తెరిచినవా?"

"ప్రతిసారి."

"అందుకేనా మూడో లెవెల్ చివర్ల గాలి మందంగ ఉంటుండె?"

"అందుకే నీ బిడ్డ మంచినీళ్ళు తాగి పెరిగింది."

బాపు పగిలిన రాయి రెండు చెక్కల్నీ పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. వేళ్ళకు నలుపు అంటుకుంది. ముప్పై నాలుగేళ్ళుగా మూసిన తలుపులన్నీ ఆయన కళ్ళలో ఒక్కొక్కటే కదులుతున్నట్టు అనిపించింది. నా మీద కోపం వచ్చిందేమో అనుకున్నాను.

"ఎనిమిది గంటలు," అన్నాడు. "నాలుగు వేళ్ళు. ఆ గాలి ఎక్కడన్న మిగలవట్టాలె. మా కాపలా గది దారి మూసేస్త. రేపు కూసునేదే లేదు నాకు, తిరుగుకుంటనే ఉంట." గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "మూయుమని నేర్పింది నేనే కద బిడ్డా. నీ పుస్తకంల అది గుడ రాయి."

రాశాను బాపు.

ఆరో వాయి, మూడో రోజు

బట్టీ ఎక్కించే వేళకు బాపు వచ్చాడు. కిటికీ దగ్గర నిలబడి గడియ తీశాడు. ఒక తలుపును తన చేత్తో తెరవడం, తెరిచి వదిలేయడం ఆయనకు అలవాటు లేదు. రెండుసార్లు తెలియకుండానే మళ్ళీ దగ్గరికి నెట్టాడు. మూడోసారి తన నాలుగు వేళ్ళు సందులో పెట్టి కొలిచాడు. కిటికీ తిరిగి పడకుండా లసుమవ్వ సాక్షిరాయి చెక్క ఒకటి సందులో ఇరికించాడు. సరిగ్గా సరిపోయింది.

వేడి ఎక్కాక ఆ సందులోంచి చూశాను. తెల్లరాళ్ళ అంచుల మీద ఎర్రటి చుక్కలు పుట్టి, పరిగెత్తి, ఆరిపోతున్నాయి. ఒక రాయి మీదనుంచి ఇంకో రాయి మీదికి. ఒక్క క్షణం సన్నటి నీలిరంగు నాలుక లాంటిది లేచి ఊగింది. అదే మంట అని నాకెవరూ చెప్పక్కర్లేకపోయింది. ఇంత అందమైనదాన్ని చూడకుండానే దాని గురించి పదికి పది తెచ్చుకున్నాను.

ఆరో వాయి, ఐదో రోజు

తూర్పు మడి మీటర్ ముల్లు పొద్దున్నే కదిలింది. ఐదో రోజుకే. మూడో లెవెల్ వాళ్ళను మూటలు కట్టుకోమన్నారు. మా ఎదురింటావిడ పసిపాపకు తల మీద కప్పడానికి తడిగుడ్డలు వెతుకుతోంది.

రాళ్ళు ఇంకా వెచ్చగా ఉండగానే దించాను. లసుమవ్వకు ఇప్పుడు సాక్షిరాయి లేదు. ఈ వాయిలో కాల్చిన నా రాయి ఇచ్చాను. విద్యాధర్ సార్ కూడా ముందుకు వంగి చూశారు. ఆమె నాలుక మీద పెట్టుకుని వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టింది. ఏడు. ఎనిమిది. తొమ్మిది. పది వేళ్ళూ అయిపోయాయి. మళ్ళీ మొదటి వేలు ముడిచింది.

సార్ నీటిని పడమటి మడికి మళ్ళించమన్నారు.

ఏడో వాయి, పద్దెనిమిదో రోజు

పడమటి మడిలోకి నీరు వదిలి ఇవాళ్టికి పద్దెనిమిదో రోజు. ముల్లు ఇంకా కదల్లేదు. తూర్పు మడి రాళ్ళను కూడా కిటికీ తెరిచే కాల్చాను, వంతు వచ్చేదాకా మడి పక్కన ట్రాలీలోనే ఉన్నాయి. ఒక్కదాన్ని సార్ అనుమతితో పగలగొట్టి చూశాను. లోపలి దాకా తెలుపు. మూటలు విప్పేశారు.

చేతిపుస్తకంలో ఒక వాక్యం చేర్చమని కమిటీ నాకే చెప్పింది. రాసి, మడుల దగ్గర చదివి వినిపించాను. "కాల్చే ఎనిమిది గంటలూ బట్టీ కిటికీ నాలుగు వేళ్ళు తెరిచి ఉంచవలెను. ఈ పద్ధతి చెప్పినవారు: లసుమవ్వ."

"నా పేరు ఎక్కడున్నదే?" అని ఆమె వేలితో వెతికింది. చూపించాను. ఆ అక్షరాల మీద వేలు పెట్టి కాసేపు తీయలేదు.

బాపు పక్కనే నిలబడి ఉన్నాడు. ట్రాలీలోంచి ఒక రాయి తీసి, తెలిసినవాడిలా తిప్పి చూశాడు. "ఏంది మరి, నేను గుడ చూడొచ్చా?" అని నాలుక మీద పెట్టుకున్నాడు. మరుక్షణం కళ్ళు పెద్దవయ్యాయి. ఏదో అనబోయాడు, మాట రాలేదు. చేతులు ఊపాడు.

"లాగకు, లాగకు! నేను లెక్కవెడ్తున్న," అంది లసుమవ్వ. "ముప్పై ఏండ్ల సంది చూస్తున్న ఈ మనిషి నోరు ఎప్పుడు మూస్తడా అని. ఒక్కటి..."

ఎంత నింపాదిగా లెక్కపెట్టిందో! విద్యాధర్ సార్ కూడా గోడవైపు తిరిగి నవ్వుకున్నారు. పది దాటింది, పదిహేను దాటింది. బాపు కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, నవ్వుకో మరి దేనికో. నేను ఆపమనలేదు.

నమోదు: తూర్పు మడి రాళ్ళు, పట్టు ముప్పై లెక్క.